బార్లీ చేలో కుర్చీ

"లే ఫెలిసా. మిషన్ కదులుతోంది."

"కదలనీ. నన్ను కూడా కోసుకుంటూ పో."

బార్లీ చేను నడిమధ్య మడతకుర్చీ వేసుకుని, ఒళ్ళో అల్లిక పెట్టుకుని కూర్చుంది ఫెలిసా. ఎదురుగా కోత మిషన్ మీద నుంచి మొగుడు ఎలాడియో గుడ్లురుముతున్నాడు.

ఆమె కాళ్ళ దగ్గరే ఎక్కడో పిల్లిగద్ద గూడు ఉంది. పిల్లలకింకా ఎగరడం రాదు. నిన్న మగపక్షి గాల్లోంచి ఎలకను జారవిడిస్తే, ఆడది అందుకుని సరిగ్గా ఇక్కడే దిగడం కళ్ళారా చూసింది. మిషన్ వచ్చిందా, అంతే సంగతులు. పిల్లల్ని తొక్కుతానేమోనని ఆమె పాదం కూడా కదపడం లేదు.

"పిట్టల కోసం ఒక్క వెన్ను కూడా వదలనని బార్‌లో అందరి ముందూ చెప్పాను."

"తాగి చాలా చెప్తావు నువ్వు."

"సగం గడ్డం గీయించుకున్నవాడిలా ఉంది ఎలాడియో చేను అని ఊరంతా నవ్వుతారే."

"నవ్వనీ. ఇన్నేళ్ళుగా నేను నవ్వడం లేదూ?"

వాళ్ళుండే కాంపోస్ మైదానంలో చేను నున్నగా కోయనివాడు మనిషే కాదు. అయినా ఎలాడియో గొణుక్కుంటూ మిషన్ పక్కకి తిప్పి, ఆమె చుట్టూ గదంత చేను వదిలేశాడు. పోతూ పోతూ తన గడ్డి టోపీ ఆమె ఒళ్ళోకి విసిరాడు.

"ఎండదెబ్బ తగిలి పడితే మళ్ళీ నేనే మొయ్యాలి."

మొండివాడే గానీ మంచివాడని ఫెలిసాకి ముచ్చటేసింది.

మధ్యాహ్నం పక్షుల్ని కాపాడే సంఘం అమ్మాయి నోయెలియా వచ్చింది. గూళ్ళ చుట్టూ కట్టగా మిగిలిన కంచె వల చుట్ట ఆమె భుజాన ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావు పిన్నీ, ఇంత ఎండలో?"

"మెల్లగా రా. గూడు తొక్కేవు."

"గూడు ఇక్కడెక్కడుంది? మనుషులు చూస్తుంటే ఆ తల్లి గూటి దగ్గర దిగదు. గూడు ఆ మిట్ట అవతల."

మిట్ట అవతల పొద్దున్నే ఎలాడియో కోసేశాడు. ఫెలిసా అల్లిక కిందపడేసి లేచింది.

"అయ్యో తల్లీ, పిల్లలు..."

"బాగున్నాయి పిన్నీ. మొన్న బాబాయే నన్ను పిలిచి గూడు చూపించాడు. ఇవాళ దాని చుట్టూ వదిలేసి కోశాడు. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే జన్మంతా ఏడిపిస్తావట."