కారుకు ముస్తాబు

దీపిక కుడితిలో తవుడు కలుపుతూ ఉంది. పక్కనే ఆవు కింద కూర్చుని పాలు పిండుతున్న నారాయణప్ప తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఆ కుప్పం మునిరత్నం ఆదివారం మళ్ళా వస్తాడంట. కారు సంగతి ఆ పొద్దు తేల్చేస్తాడంట."

తవుడు కలిపే చెయ్యి ఆగింది.

"మొన్న నేను లేనప్పుడు కూతుర్ని పిలుచుకోని వచ్చినాయనేనా?"

"ఆయనే."

"యాల నాయనా అమ్మేది?"

"షెడ్డంతా అదే కాళ్ళు సాపుకోని పండుకుని ఉండాది. ఆవులేమో బయట తడస్తాండాయి. ఇద్దరు కూర్చునే కారు మనకేం చేసుకునేదానికి? నీకు స్కూటీ తీసిస్తాలే."

అది పాత ఎర్ర స్పోర్ట్స్ కారు. రోజూ దీపిక పాలక్యాను పక్క సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా వేసి, పుంగనూరు పాలకేంద్రానికి తీసుకెళ్ళేది. ఆదివారాలు మాత్రం క్యాను లేకుండా, టాపు దించుకుని, సోమల దాకా ఊరికే వెళ్ళి వచ్చేది. ఆ ఒక్క గంటా ఆమెను ఎవరూ ఏ పనీ అడగరు. స్కూటీ మీద ఆ గంట దొరకదని నాయనకు ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

కాసేపు తవుడు కలిపి, నెమ్మదిగా అంది.

"అమ్మేదైతే అమ్ము. కానీ ఇట్లనే చూపిస్తామా నాయనా? సంతకు తోలే ముందు ఆవుకు కొమ్ములు గీకి, నూనె పూసి, కొత్త గంట కడతావు గదా."

నారాయణప్ప అప్పుడు తల ఎత్తాడు. ముస్తాబు చేయకుండా ఆయన ఏ పశువునూ సంతలో నిలబెట్టినవాడు కాదు.

"దీనికేం పూసేది?"

"మదనపల్లె మెకానిక్ తన్వీరన్నను పిలుస్తా. ఇంజన్‌కు పెట్రోలు అందించే ఆ పాత కార్బొరేటర్లు తీసేసి, ఇప్పటి కార్లకుండే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడతాడు."

"సూసినావా, నాకిది తోచనే లేదు. పిలువు."

తన్వీర్ వచ్చి షెడ్డులోనే పని మొదలుపెట్టాడు. ట్యాంకులో కొత్త పంపు పెట్టాడు. డాష్‌బోర్డు కింద చిన్న కంప్యూటర్ పెట్టె బిగించి వైర్లు లాగాడు. విప్పిన కార్బొరేటర్లు రెండూ గోనెపట్టా మీద పెట్టాక, నారాయణప్ప దగ్గరలో లేడని చూసుకుని గొంతు తగ్గించాడు.

"పాపా, ఒక మాట. పాత కార్లు కొనేటోళ్ళు నట్టు కూడా పాతదే ఉండాలంటారు. బానెట్ ఎత్తి దీన్ని చూసినారంటే మొహం తిప్పుకుని పోతారు."

"తెలుసన్నా."

"తెలిసీ యాల..." అని ఆగి, ఆమె మొహం చూసి నవ్వాడు. "ఓహో. మీ నాయనతో ఆట ఆడతాండావన్నమాట."

"నువ్వు మాత్రం పని తక్కువ చేయొద్దన్నా."

"నా పనిలో తక్కువేముంటాది? మీ నాయన చీపురు తీసుకోని వస్తే మాత్రం నేను మదనపల్లెలో ఉంటా, నువ్వు ఈడ ఉంటావు. అది గుర్తు పెట్టుకో."

శనివారం పొద్దున చలిలో దీపిక తాళం తిప్పింది. కారు వెంటనే అందుకుంది. చల్లబడ్డ ఇంజన్ అందుకోవడానికి రోజూ లాగే చోక్ వైపు అలవాటుగా ఎత్తిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. ఇక లాగాల్సింది ఏమీ లేదు. ఎంత లాగాలి, ఎప్పుడు వదలాలి అని ఆమెకు ఒక్కదానికే తెలిసిన కిటుకుతో పనే లేదు. ఆమెకు కొంచెం వెలితిగా అనిపించింది. మునిరత్నం వద్దని పోయాక పాతవి మళ్ళీ బిగించుకోవచ్చులే అనుకుంది.

ఆదివారం నారాయణప్ప కారును కడిగి, తుడిచి, ముందు బంపరుకు బంతిపూల దండ కట్టాడు. మునిరత్నం కూతురు యమునతో వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎక్కువసేపు ఉండను అప్పా. ఒక మాట చెప్పిపోదామని వచ్చినా."

"ముందు చూడు సామీ, తర్వాత చెప్పుదువు" అని నారాయణప్ప బానెట్ ఎత్తాడు.

మునిరత్నం వంగి చూసి కనుబొమలు ముడిచాడు.

"పాత కార్బొరేటర్లు యాడ?"

నాయన నోరు తెరిచేలోగా దీపికే జవాబిచ్చింది. "తీసేసినాం సార్. ఇంజెక్షన్ పెట్టించినాం. మునుపటి కారు కాదిది."

మునిరత్నం ఇంకోసారి వంగి చూశాడు. నారాయణప్ప మొహం వాడింది. దీపిక తన చేతిలోని కాఫీ గ్లాసుల పళ్ళెం వైపు చూస్తూ నవ్వు ఆపుకుంది.

"యమునా, కూర్చుని తిప్పు సూద్దాం."

యమున తాళం తిప్పింది. కారు అందుకుంది. ఆపి మళ్ళీ తిప్పింది. మళ్ళీ అందుకుంది. ఆ అమ్మాయి స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి తండ్రి వైపు చూసింది.

మునిరత్నం పళ్ళెంలోంచి కాఫీ గ్లాసు తీసుకుని, అరుగు మీద నింపాదిగా కూర్చున్నాడు.

"దాపరికం యాల అప్పా. మొన్న నువ్వు ఆవుల్ని చేని కాడ ఇడిసొచ్చేదానికి పోయినప్పుడు మా పాప దీన్ని తిప్పి తిప్పి అలిసిపోయింది. కదిలితే గదా. రోజూ కాలేజీకి పోయేదానికి ఇది పనికిరాదు, వద్దని ఫోన్లో చెప్తే బాగుండదని నేనే వచ్చినా. ఇప్పుడింక మాటేముంది, దీన్ని ఇట్లనే తోలుకోని పోతాం."

"ఈ ఆలోచనంతా మా పాపదే సామీ" అన్నాడు నారాయణప్ప మురిసిపోతూ.

దీపిక పళ్ళెం అరుగు మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి వెళ్ళిపోయింది.