కళ్లు మూసుకో, నిద్రపోకు

"రెండుసార్లు నిద్రపోయినవు. గిదే ఆఖరు," అన్నాడు వెంకటి, నవీన తలకు అంటించిన తీగలు సరిచేస్తూ. కరీంనగర్‌లో ఆ ఆసుపత్రి స్కానింగ్ మిషను నడిపేది అతనే. "కండ్లు మూసుకొని ఊకె పండుకోవాలె. కదలద్దు. నిద్ర మాత్రం పోవద్దు. ఎనిమిది నిమిషాలు."

"కండ్లు తెరిచి ఉంటెనే నాకు నిద్రొస్తదన్నా. మూసుకుంటె రాదా?"

"నన్నడిగితె ఏం లాభం? మేడంను అడుగు."

డాక్టర్ మమతారాణి తలుపు దగ్గరే నిలబడి ఉంది. పట్టపగలు ఉన్నపాటున నిద్రలోకి జారిపోయే జబ్బు నవీనది. అలాంటి పిల్లల మెదడు ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు ఏం చేస్తుందో డాక్టరమ్మ పరిశోధన చేస్తోంది.

"నీ మందులు, కాలేజీకి చీటీ ఎట్లయినా ఇస్త బిడ్డా. వాటికి ఫికర్ లేదు. కని మా గుంపులకు రావాలంటె ఈ ఎనిమిది నిమిషాలు మెలకువతోని ఉండాలె. పదకొండు మంది దొరికిండ్రు. ఇంకొక్కలే కావాలె."

"మందులిస్తె సాలు మేడం," అంది నవీన తల్లి కోమల. "గీ పరేషాన్ మాకెందుకు? పోదాం పావే. ఇంటికాడ మగ్గాల సాంచాలు నడుస్తనే ఉంటయి, కండెలు చుట్టేటోళ్లు లేరు."

నవీన కదల్లేదు. ఆ గుంపులోని పిల్లలంతా నెలకోసారి, మొదటి శనివారం ఇక్కడికి వస్తారట. పూటంతా కలిసి కూర్చుంటారట, కలిసి తింటారట. పొద్దున వరండాలో ఎవరో చెప్పగా విన్నది. అక్కడే బెంచీ మీద ఆసిఫాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్ల, కొరికిన బిస్కెట్ చేతిలో పట్టుకునే నిద్రపోయి ఉంది. నవీన ఆ పిల్లను చూస్తూ పక్కనే కూర్చుంది. లేస్తే ఏదో ఒకటి మాట్లాడాలనుకుంది. ఆ పిల్ల లేవనే లేదు.

"నిద్రపోను అవ్వా. సూడు," అంది తల్లితో.

"నిన్న అన్నం ముద్ద చేతిల వట్టుకొనే పండుకున్నవు. ఇయ్యాల పోదట!"

చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టారు. బల్ల మెల్లగా గొట్టంలోకి జరిగింది. "మొదలువెడుతున్న," అన్న వెంకటి గొంతు వినిపించి ఆగిపోయింది. తర్వాత టకటకటకమని ఒకటే చప్పుడు. అచ్చం ఇంటి పక్క మరమగ్గాల చప్పుడే. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన పిల్లకు అది జోలపాట. నవీన తొడ గట్టిగా గిల్లుకుంది.

"ఏందే పిల్లా, నిద్రొస్తుందా?"

చెవిలో ఆడగొంతు. వయసులో ఉన్న గొంతు.

"వస్తుందక్కా. జర మాట్లాడవా?"

"మాట్లాడుత తియ్యి. ఏం చదువుతున్నవు?"

"ఇంటర్ ఫస్టియర్."

"నీ పక్కకు ఎవలు కూసుంటరు?"

"ఎవలు కూసోరు. నా బ్యాగు వెట్టుకుంట."

"అది గూడ నీ లెక్కనే నిద్రపోతదా?"

"పోదు. అదే ఇని రాసుకుంటది."

అక్క ఫక్కున నవ్వింది. నవీనకూ నవ్వొచ్చింది. నవ్విందంటే చాలు, ఆమె మోకాళ్లు వదిలేసి నిలువునా కూలబడిపోతుంది. కాలేజీలో పిల్లలు పందెం కట్టి మరీ నవ్వించేవారు. అందుకే నవ్వడం మానేసింది. ఇప్పుడూ మోకాళ్లు వదిలేశాయి, మెడ వదిలేసింది. అయినా పడటానికి చోటెక్కడుంది? పడుకునే ఉంది కదా! నవీన మనసారా నవ్వింది.

"ఇంకోటి చెప్పక్కా."

అక్క చెప్పింది. తల ఎవరు దువ్వుతారని అడిగింది. అవ్వతో కొట్లాట ఎందుకొస్తుందని అడిగింది. తొందరేమీ లేనట్టు, వేరే పనే లేనట్టు మాట్లాడింది. ఇంట్లో అయినా కాలేజీలో అయినా నవీనతో అందరూ అనేది ఒక్కటే మాట, లే అని. అక్క ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

చప్పుడు ఆగింది. బల్ల బయటికి వచ్చింది. నవీన దిగ్గున లేచి కూర్చుంది.

"అయిపోయింది! నిద్రపోలే మేడం! అక్క మాట్లాడుకుంటనే ఉన్నది. ఏది ఆ అక్క?"

"ఏ అక్క?" అన్నాడు వెంకటి.

"గీ చెవులకాడ మాట్లాడింది కదా, గా అక్క."

వెంకటి డాక్టరమ్మ ముఖం చూశాడు. మమతారాణి వచ్చి నవీన పక్కన కూర్చుని, ఒక్కొక్క తీగే తీయసాగింది.

"ఆ ఎనిమిది నిమిషాలు మైకు బంద్ వెడుతం బిడ్డా. ఎవ్వలం మాట్లాడం. మాట్లాడితె నీ మెదడు ఊకె ఉండదు కదా, అందుకే. నువ్వు రెండో నిమిషానికే నిద్రపోయినవు, ఈ తీగలు గీసిన గీతలల్ల కనవడ్డది. ఈ జబ్బుల కన్ను మూతపడంగనె కలలొస్తయి. నిజం లెక్కనే ఉంటయి." ఆఖరి తీగ తీసి మెల్లగా అంది. "పన్నెండో పిల్లను వేరే చూసుకుంట. మనసుల వెట్టుకోకు."

"నేను చెప్పలే?" కోమల చెప్పులు తెచ్చి బిడ్డ కాళ్ల దగ్గర పెట్టింది. "దిగు. బస్సు పోతది."

నవీన దిగలేదు. ఖాళీ గొట్టంలోకి చూస్తూ కూర్చుంది.

"మేడం, ఇంకొక్కసారి పండుకుంట."

"లాభం లేదు బిడ్డా. మళ్ల నిద్రపోతవు."

"నిద్రపోదామనే మేడం. ఆ అక్క పేరు అడుగుడు మర్చిపోయిన."