తోడు గిన్నె

క్రిములకు కూడా వంశవృక్షాలు తీసే రోజులొచ్చాక, ఏ జబ్బు ఏ ఇంట్లో పుట్టిందో ఫోనే చెప్పేస్తోంది. పక్కింటి కనకదుర్గ కూతురు బుజ్జి టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో చేరిన మర్నాడే వీధిలో అందరి ఫోన్లూ మోగాయి. ఆ క్రిమి సుభద్రమ్మ ఒంట్లోదట. ఆమె రోజూ పక్కింటికిచ్చే పెరుగు తోడుతో వెళ్ళిందట.

సుభద్రమ్మకు ఏనాడూ జ్వరమన్నది రాలేదు. మడి కట్టుకుంటే గానీ పాలగిన్నె ముట్టని మనిషి. ఇప్పుడు మందులు పనిచేసేదాకా వంటింట్లోకే వెళ్ళకూడదు. నైవేద్యం భర్త వండుతున్నాడు.

"ఇంగువ ఎప్పుడు వెయ్యాలే?" అని లోపలి నుంచి కేక.

ఆమె గదిలో నుంచే దేవుడి పటం వైపు చూసి, "నాకు తెలియకుండా దాన్ని నా ఒంట్లో ఎవరు పెట్టారు స్వామీ?" అంది.

సాయంత్రం కనకదుర్గ గుమ్మంలోకి వచ్చింది.

"బుజ్జికెలా ఉందమ్మా?"

"కళ్ళు తెరవట్లేదు పిన్నిగారూ. మీరు కావాలని చేశారని నేననను లెండి. ఇదిగో, మీ గిన్నె."

గిన్నె గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. శుభ్రంగా తోమి ఉంది. సుభద్రమ్మ వంగి చెయ్యి చాపింది, అంతలోనే వెనక్కి తీసుకుంది.

"ఏవండీ, కాస్త వచ్చి ఈ గిన్నె మీరు తియ్యండి."