దర్జీ గుండెలో గుడ్డ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

ఒక దర్జీ ఉండేవాడు. అతని కుట్టు ఎంత సన్నగా పడేదంటే, అసలు పేరు మరిచిపోయి అందరూ సన్నకుట్టు మాస్టారనే పిలిచేవారు.

అలాంటివాడి గుండెలో వాల్వు పాడైంది. డాక్టర్లు ఛాతీ కోసి కొత్తది పెట్టారు. జంతువు గుండె మీది పొరను శుద్ధి చేసి, చుట్టూ గుడ్డ పట్టీ వేసి కుట్టిన వాల్వు అది.

గుడ్డ, కుట్టు. ఆ రెండు మాటలే అతని కొంప ముంచాయి.

ఇంకొకరైతే బతికి బయటపడ్డాం అనుకుని ఊరుకునేవారు. ఇతను ముప్పై ఏళ్లుగా గుడ్డ నలుపుతున్న మనిషాయె! ఏ దారం ఎక్కడ తెగుతుందో అతనికి తెలిసినంత ఎవరికి తెలుసు?

మూడు నెలలైనా మిషను ముందు కుదురుగా కూర్చోలేదు. నాలుగు కుట్లు వేయడం, లేవడం, నాడి పట్టుకుని చూసుకోవడం, గుమ్మం దాకా వెళ్లి రావడం. ఇదీ వరస.

"ఆ చెయ్యి గుండె మీంచి తీసి చొక్కా మీద పెట్టండి, పుణ్యముంటుంది," అంది భార్య. "ఇచ్చినవాళ్లంతా గుడ్డలు వెనక్కి పట్టుకుపోతున్నారు. ఇంకో నెల ఇలాగే ఉంటే షాపుకి తాళమే."

"గుండీ ఊడితే నేను కుడతాను. గుండెలో ఊడితే ఎవడు కుడతాడే?"

ఆ మధ్యాహ్నమే ఒక ముసలావిడ షాపులోకి వచ్చింది. సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు. చేతిలో గుండీ ఊడిన స్వెట్టరు.

"ఈ మాత్రం ఇంట్లో కుట్టుకోలేవా పెద్దమ్మా?"

"సూదిలోకి దారం ఎక్కడం లేదు నాయనా."

అతను గుండీ కుడుతున్నంతసేపూ ఆవిడ చూపు కుట్టు మీద లేదు. కాలరు సందులోంచి కనబడుతున్న కోత మీద ఉంది.

"వాల్వా నాయనా? లోహందా, కుట్టిందా?"

"కుట్టిందే. మూడు నెలలైంది."

"మరి మొహం అలా వేలాడేశావేం?"

అడిగేవాళ్లు దొరికారు కదా అని అతను కక్కేశాడు. "వారం రోజులు నీళ్లలో నానితే ఏ గుడ్డ నిలుస్తుంది? ఇది పగలూ రాత్రీ నెత్తుట్లో నానుతోంది. పైగా డాక్టరు చూపించిన బొమ్మలో చూశాను, అన్నీ సందులే! దాన్నీ ఒక నేతంటారా?"

ముసలావిడ పకపకా నవ్వింది.

"ఆ సందులు కావాలని వదిలినవేనయ్యా. కొత్తది లోపలికొస్తే ఒళ్లు ఊరుకుంటుందా? ఎవరు నువ్వు, ఎక్కణ్ణుంచొచ్చావని చుట్టూ మూగుతుంది. కొరికి చూస్తుంది. అరిగించుకోలేదు, బయటికి తొయ్యలేదు. ఆఖరికి తనే ఆ సందుల్లోకి దూరి, పైన తన పొర తానే నేసుకుంటుంది. అందాకా కుట్టు పట్టుకుంటే చాలు, ఆపైన ఆ గుడ్డను పట్టుకునేది నీ ఒళ్లే. మూడు నెలలైందంటున్నావు, ఈపాటికి గుడ్డ కనబడకుండా పోయుంటుంది."

"కుట్టు గురించి నాకే చెప్తున్నావా?"

"ఏదో, కొంచెం తెలుసులే. కార్డు ఏదీ?"

వాల్వు వేయించుకున్నవాళ్లకు దాని నంబరు రాసిన కార్డు ఒకటి ఇస్తారు. పీడ వదులుతుందని జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఆవిడ దాన్ని ముక్కుకు ఆనించుకుని చదివింది. మళ్లీ చదివింది.

"నాయనా, ఒక్కసారి నీ ఛాతీకి చెవి పెట్టుకోనా?"

దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం మనిషివమ్మా నువ్వు? మంత్రాలు వేస్తావా, మందులమ్ముతావా? ముందు బయటికి నడు!"

పక్క షాపులవాళ్లు పని ఆపి తొంగి చూశారు. ఆవిడ స్వెట్టరు చంకలో పెట్టుకుని, గోడ తడుముకుంటూ వెళ్లిపోయింది.

తర్వాతి నెల ఆసుపత్రిలో పరీక్ష. డాక్టరు తెర మీద గుండెను చూసి భుజం తట్టాడు.

"చక్కగా అతుక్కుంది. గుడ్డ మీద మీ ఒంటి పొర కమ్మేసింది. ఇక భయం లేదు, హాయిగా కుట్టుకోండి."

ముసలావిడ చెప్పిన మాటే, పొల్లు పోకుండా!

బయటికి వస్తూ దర్జీ నర్సును అడిగాడు. "సిస్టర్, ఈ వాల్వుల్ని ఏ మిషను మీద కుడతారు?"

"మిషనేంటి మాస్టారూ! చేత్తోనే. భూతద్దం కింద పెట్టుకుని ఆడవాళ్లు కుడతారు. ఒక్కోదానికి రోజులు పడతాయి. పాపం, వాళ్ల కళ్లు పోతాయి. కార్డు మీద నంబరు చివర అక్షరం ఉంది చూశారా? అది కుట్టినవాళ్ల గుర్తు."

దర్జీ కార్డు తీసి ఆ అక్షరం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడికి... దళసరి అద్దాల ముసలావిడ ఎవరైనా వచ్చేదా?"

"మీకూ తెలుసా? పోయిన ఆదివారం మా వార్డులోనే పోయింది. ఏడాదిగా వరండాలో కూర్చుని, కనబడ్డ ప్రతి ఒక్కరినీ కార్డు చూపించమనేది. మేం విసుక్కునేవాళ్లం. పోయే ముందు మాత్రం, ఎవరో ఒకరు దొరికారని ఒకటే సంబరం."

"దొరికితే... ఏమంది?"

దర్జీ మర్నాడే మిషనెక్కాడు, షాపు నిలబడింది. అదంతా మీరు మరిచిపోయినా ఫర్వాలేదు. నర్సు అప్పుడు చెప్పిన మాటను మాత్రం మనసులో పెట్టుకుని, మీ పక్కన కూర్చున్నవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి.

"'వీధంతా అదిరేలా అరిచాడమ్మా నా మీద, నా కుట్టు గట్టిగానే ఉంది' అని నవ్వుకుంటూ కళ్లు మూసింది."