మడుగు ఇచ్చిన బదులు

తమ్ముడి సంచి నేనే సర్దాను. టార్చి, ఫ్లాస్కు, పొడి చొక్కా, రికార్డరు. ఈ మడుగులో తప్ప ఇంకెక్కడా లేని కప్పలను లెక్కపెట్టడం వాడి ఉద్యోగం. రికార్డరులో కప్ప అరుపు వినిపించి, బదులు కోసం చెవి ఒగ్గి కూర్చుంటాడు. ఎవరో తెచ్చి వదిలిన పరాయి చేపలు కప్పల గుడ్లన్నీ తినేశాయి. కప్పలు పోయాక దోమలు ముసిరి, వీధిలో జ్వరం లేని ఇల్లు లేదు. ఈ రాత్రి ఒక్క కప్పయినా పలక్కపోతే మడుగు పూడ్చేస్తారు.

"కప్ప కోసం తల దువ్వుకుంటున్నావేంట్రా?"

"మనుషులెవరూ నన్ను ఒప్పుకోలేదు కదక్కా. అదైనా పలుకుతుందేమో. నువ్వు తలుపేసుకుని పడుకో."

నిద్ర పట్టక కిటికీ దగ్గర కూర్చున్నాను. మడుగు వైపు నుంచి అరుపు వినిపించింది. రికార్డరులోదే. చివర వాడి చిన్న దగ్గు కూడా పడి ఉంటుంది, నాకది కంఠతా వచ్చు. తర్వాత అంతా నిశ్శబ్దం. ఒక్కసారి పలకవే తల్లీ, అని చీకటిని బతిమాలుకున్నాను.

బదులు వచ్చింది.

సంతోషం పట్టలేక దీపం వేశాను. బల్ల మీద రికార్డరు ఉంది. కొత్త బ్యాటరీలు వేస్తానని సంచిలోంచి తీసి, వాడు అక్కడే మరిచిపోయాడు.

మళ్లీ అరుపు. ఈసారి మడుగంతా వందల గొంతులతో బదులిచ్చింది. ప్రతి అరుపు చివరా తమ్ముడి దగ్గు ఉంది.

పొద్దున గట్టు మీద సంచి దొరికింది. కప్పలు అంతకు మూడేళ్ల ముందటి వానాకాలం తర్వాత తిరిగి రాలేదు. తమ్ముడు ఆ రాత్రి తర్వాత తిరిగి రాలేదు.