మట్టి ముద్ద లేని గూడు

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకి గిజిగాళ్ల పెద్ద సోకయ్య వారంలో పది గూళ్లు కట్టించాడండీ. గుడ్లు పెట్టాల్సిన నూకాలు ఓ గూట్లోకి దూరి చూసి మండిపడింది.

"గాలికి ఎగిరిపోకుండా లోపల మెత్తే మట్టి ముద్ద ఏదయ్యా?"

"పైకి కనపడని మట్టికి రెండ్రోజులు తగలెయ్యమంటావా అమ్మా? పక్కచెట్టు వాళ్లింకా మూడో గూటి దగ్గరే ఉన్నారు."

"పందెం నీది, పిల్లలు నావి. నీ పదింట్లో ఒక్క గుడ్డు కూడా పెట్టను," అని నూకాలు ఆడపిట్టలందర్నీ వెంటేసుకుని పక్కచెట్టుకి పోయింది.

ఆ సాయంత్రం ఈదురుగాలికి పది గూళ్లూ గిరగిరా తిరిగి వాగులో రాలాయి.

తెల్లారి సోకయ్య అటుగా ఎగురుతుంటే నూకాలు అడిగింది.

"ఏం సోకయ్యా, ఎన్నో గూడు?"

సోకయ్య పలకలేదు. ముక్కునిండా మట్టి ఉంది మరి.