వంతెన మీద చప్పుడు

...అయినా యాత్రకి తెల్లబట్టలే ఎందుకు?

దారిలో ప్రాణం పోతే వేరే గుడ్డ వెతుక్కోనక్కర్లేదని. పూడ్చినచోట చేతికర్రే గుర్తుగా నిలబడుతుందని. అత్తగారు ఈ మాట నవ్వుతూ చెప్పేది. మిసావోకి మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఇప్పుడు అత్తగారి కర్ర రెండో తరగతి చదివే కూతురు చినాత్సు చేతిలో ఉంది. దానికి కట్టిన చిరుగంట అడుగడుక్కీ మోగుతోంది.

ఆవిడ పోయి ఏడాదైంది. ఆ కర్ర పట్టుకుని ముగ్గురూ షికోకు దీవి చుట్టూ ఉన్న గుళ్లన్నీ నడిచి రావాలని భర్త తెత్సురో పట్టుదల. వసంతం సెలవుల్లో మొదలు. ఇవాళ ఈ కొండదారిలో నడిచి చూడడం మాత్రమే.

"సాయంత్రం నువ్వు 'భయంగా ఉంది' అను చాలు. మ్యాపు మడిచి బీరువాలో పడేస్తాను. మళ్లీ ఎత్తితే అడుగు," అన్నాడు బయల్దేరేముందు.

భయం పొద్దున్నే వేసింది. దానికి పేరే దొరకలేదు.

ఇప్పుడు దొరికింది. వెనకనుంచి వస్తోంది.

టక్. టక్.

"ఏమండీ, ఆ ముసలాయన..."

"యాత్రికుడే. కర్ర ఉందిగా."

"మనం ఆగితే ఆగుతున్నాడు."

"ముసలాళ్లు ఆగరా? నాకే ఆగాగి నడుం పట్టేసింది."

వాళ్లు అలుపు తీర్చుకోడానికి కూర్చున్నచోటికి ఆయన రానే వచ్చాడు. మాసిన తెల్లబట్టలు, కళ్లమీదికి దిగిన గడ్డి టోపీ. సంచిలోంచి కమలాపండు తీశాడు.

"తీసుకో తల్లీ. వంతెన దాటేదాకా అమ్మ చెయ్యి వదలకు, ఏం?"

ఈ యాత్రదారిలో ఎవరేం ఇచ్చినా కాదనకూడదు. ఆ సంగతి తెలిసినా మిసావో పిల్ల చెయ్యి వెనక్కి లాగింది.

"వద్దండీ. దానికి పడదు."

"నాకు పడుతుందిగా!" అంది చినాత్సు.

ఆయన పండు మళ్లీ సంచిలో వేసుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. కోపం తెచ్చుకుంటే బాగుండేది. కోపం లేకపోవడమే మిసావోని ఇంకా వణికించింది. ఆయన చూపు పిల్ల ముఖంమీద లేదు. కాళ్లమీద ఉంది.

మలుపు తిరిగేసరికి లోయలోంచి పొగమంచు లేచింది. మిసావో పిల్లని లాక్కుని దారి పక్క వెదురు పొదల్లోకి దూరింది.

"మిసావో, అది దారి కాదే!"

"ష్! ఆయన్ని ముందుకి పోనివ్వండి."

చిరుగంటని గుప్పిట్లో బిగించింది. టక్ టక్ దగ్గరికొచ్చింది. ఆగింది.

"చిన్నతల్లీ! ఎక్కడున్నావమ్మా?"

మిసావో కూతురి నోరు మూసింది. కాసేపటికి కర్ర చప్పుడు దూరమైంది.

లేచి చూస్తే దారి లేదు. వచ్చిన వైపేదో తెలియలేదు. ఏరు నాలుగు పక్కలా హోరెత్తుతోంది. చినాత్సు కాలికింద రాయి జారింది. అది కింద పడ్డ చప్పుడుకోసం ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. చప్పుడు రాలేదు.

"కదలకండి," అన్నాడు తెత్సురో. అతని గొంతులో వేళాకోళం లేకపోవడం ఆమె అదే మొదటిసారి వినడం.

అప్పుడు వినిపించింది.

దబ్! దబ్! దబ్!

చెక్కమీద చెక్క.

"ఎవరో వంతెనమీద కర్రతో కొడుతున్నారు!" అన్నాడు తెత్సురో.

"అయ్యో, దైషి తాతయ్యకి మెలకువ రాదూ?" అంది చినాత్సు గుసగుసగా.

ఈ యాత్రకి మూలపురుషుడైన దైషి గురువు ఒక చలిరాత్రి వంతెన కింద తలదాచుకున్నాడని ఈ దీవిలో పసిపిల్లకీ తెలుసు. ఇప్పటికీ కింద ఆయన నిద్రపోతుంటాడని, ఆ నిద్ర చెడకూడదని ఏ యాత్రికుడూ వంతెనమీద కర్ర ఆనించడు. ఎత్తి పట్టుకుని దాటతాడు.

"చూశారా! అసలు యాత్రికుడైతే ఆ పని చేస్తాడా? వేషం! నేను చెప్పలే?"

"వేషమో గీషమో, వంతెన ఉన్నచోట దారుంటుంది. పద."

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చప్పుడు వైపు నడిచారు. చినాత్సు చేతిలో గంట మోగుతూనే ఉంది. ఆ మోత దగ్గరపడగానే అక్కడి చప్పుడు ఆగిపోయింది.

వంతెనమీద ఎవరూ లేరు. పలకలమీద విరిగిన కర్రపేళ్లు పడున్నాయి.

అవతల టీకొట్టు అవ్వ వేడివేడిగా టీ పోసింది.

"ముసలి గెంజొ మీ వెనకే వచ్చుంటాడే? పిల్లలుంటే వదలడు. కొండ దిగేదాకా వెనకే. పిచ్చోడు కాదులెండి, భయపడకండి."

"ఆయన యాత్రికుడేనా అవ్వా? వంతెనమీద కర్రతో బాదాడు."

అవ్వ చేతిలో కెటిల్ అలాగే ఆగిపోయింది.

"గెంజొనా? ఆ వంతెనమీదా?"

"విన్నాం కదా."

"ఇన్నేళ్లలో వాడు దానిమీద గట్టిగా అడుగైనా వెయ్యలేదమ్మా."

తెత్సురో తలెత్తాడు. అవ్వ కెటిల్ కింద పెట్టింది.

"మనందరికీ వంతెన కింద దైషి పడుకునుంటాడు. వాడికి మనవరాలు కూడా. ఇలాంటి పొగమంచులోనే తాత చెయ్యి విడిపించుకుని ఆ వంతెనమీదికి పరిగెత్తింది."

మిసావో బయటికి పరిగెత్తి చూసింది. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

పొగమంచు విడిపోయాక వెనుదిరిగారు. వంతెన ఎక్కబోతూ తెత్సురో ఆగి నెమ్మదిగా అడిగాడు.

"మ్యాపు మడిచెయ్యనా?"

"వద్దు. వసంతంలో ఇక్కణ్ణించే మొదలుపెడదాం."

చినాత్సు అలవాటుగా కర్ర పైకెత్తింది. గంట గలగలమంది. మిసావో వంగి దాన్ని మళ్లీ గుప్పిట్లో మూసింది.

"మెల్లగా నడు తల్లీ," అంది. "కింద పాప పడుకుంది."